ఆ నల్ల డబ్బా మంచిదేనా?

"గుడ్డ కప్పలేదు, మూత పెట్టలేదు. ఉత్త బల్ల మీద ఉంచాను. అయినా కరిగిపోయింది," అన్నాడు కిరణ్ కుమార్.

భోజనాల బల్ల మీద, పాత పేపరులో, లైట్లకి కరెంటు అందించే ఆ నల్ల అడాప్టరు డబ్బా ఉంది. ఒక పక్క మెత్తబడి జారి, చల్లారాక అలాగే గట్టిపడిపోయింది. కాలిన ప్లాస్టిక్ కంపు వంటింట్లోకి కూడా పాకింది. కాశీబుగ్గలో పుట్టి పెరిగినవాళ్ళకి జీడిపిక్కలు కాల్చే పొగ అలవాటే గాని, ఇది గొంతులో పట్టుకునే కంపు.

"గట్టిగా అరవకు," అంది హైమవతి, వీధి తలుపు వైపు చూస్తూ.

"అరవలేదమ్మా."

"అయితే అసలు మాట్లాడకు."

మొన్న సాయంత్రం నుంచి ఆ ఇంట్లో ఎవరి గొంతూ ఎవరి గొంతులా లేదు. ఉద్దానం తీరంలో గంగమ్మ సంబరం జరుగుతున్న పల్లెలో రామూర్తి ఇంటి ముందు కొబ్బరాకుల పందిరి అంటుకుంది. ఆ పందిరికి స్ట్రిప్ లైట్లు కట్టింది కిరణే. రామూర్తి కొడుకు యువరాజు మండుతున్న లైట్లని ఉత్త చేతులతో పీకి అవతల పారేశాడు. పందిట్లో ఉన్న ఆడవాళ్ళూ పిల్లలూ బయటపడ్డారు గాని, వాడి అరచేతులు రెండూ కాలిపోయాయి. వల లాగే చేతులు. ఇప్పుడు పలాస ఆసుపత్రిలో కట్లతో పడుకుని ఉన్నాడు.

"ఆకు ఎండిపోయి ఉంటుంది, ఎవడో చుట్ట పారేసి ఉంటాడు," అని హైమవతి అప్పటినుంచీ చెబుతూనే ఉంది. ఆ చుట్ట తాగినవాడికి పేరొక్కటే పెట్టలేదు గాని, మిగతా వివరాలన్నీ ఆవిడ దగ్గర ఉన్నాయి.

ఆ మాట నమ్ముదామనే కిరణ్ పొద్దున్నే తన షాపుకి వెళ్ళాడు. అదే పెట్టెలోంచి ఇంకో అడాప్టరు తీశాడు. పందిరికి కట్టినట్టే నాలుగు లైట్ల రోళ్ళు ఒకదాని చివర ఒకటి కలిపి వెలిగించాడు. డబ్బా మంచిదని తేలితే కంటి నిండా నిద్రపోదామనుకున్నాడు. టీ తాగి వచ్చేసరికి అది బల్లకి అతుక్కుపోయి ఉంది.

"రోలుకి ఒక డబ్బా పెట్టమన్నాను," అంది ఉషశ్రీ. కిరణ్ భార్య. షాపులో కౌంటరు దగ్గర కూర్చునేది ఆమే. "నాలుగింటికీ కలిపి ఒకటే పెట్టారు."

"వెలిగాయి కదా!"

"చివరి రోలు మసగ్గా వెలిగింది. నాకు బరువెక్కువైందని ఆ డబ్బా మొత్తుకుంటే వినలేదు మీరు. తయారుచేసిన వాడి పేరు లేదు, ఊరు లేదు. ఇంత కరెంటు తట్టుకుంటుందని మీద అచ్చేసిన అంకె చూసి నమ్మేశారు."

"అందరూ అదే అమ్ముతున్నారు ఉషా. మంచి కంపెనీ సరుకు చూపిస్తే ధర విని పక్క షాపుకి పోతారు."

"అందరూ అమ్మినవి గంగమ్మ ఘటం దగ్గర పెట్టలేదు."

కిరణ్ పేపరు అంచు మడిచి డబ్బా మీద కప్పాడు.

కాలింది పందిరి ఒక్కటే కాదు. సంబరం జరిగినన్నాళ్ళూ గంగమ్మ ఘటం ఏదో ఒక ఇంట్లో ఉంటుంది. ఆ ఇంటివాళ్ళకి అది పెద్ద గౌరవం. ఈసారి అది రామూర్తి ఇంట్లో ఉంది. ఘటం దగ్గర వెలిగించిన దీపం సంబరం ముగిసేదాకా ఆరకూడదు. సముద్రపు గాలికి నూనె దీపాలు నిలవడం లేదని కొన్నేళ్ళుగా ఈ కరెంటు లైట్లనే తల్లికి దీపాలుగా వెలిగిస్తున్నారు. ఏ ఇంట్లో దీపం ఆరితే ఆ ఇంటి మీద తల్లికి మనసు విరిగిందంటారు. తర్వాత వలలో చేప పడకపోయినా, సముద్రంలో ఎవరికేమైనా, ఆ ఇంటి పేరే చెబుతారు.

"వెళ్ళి చెప్పండి," అంది ఉషశ్రీ. "తప్పు డబ్బాది, మీ ఇంటిది కాదు అని ఊరందరి ముందూ ఒక్క మాట. యువరాజు వాళ్ళమ్మని పట్టుకుని నోటికొచ్చినట్టు అంటున్నారట."

"చెబితే ఏమవుతుందో తెలుసా నీకు?" హైమవతి కోడలి వైపు తిరిగింది. "ఆ కుర్రాడి చేతులకి వీడే పూచీ అంటారు. తీసుకెళ్ళి స్టేషన్లో కూర్చోబెడతారు. షాపుకి తాళం పడుతుంది. ఎన్నో మొదలెట్టి ఎన్నో వదిలేశాక ఇప్పటికి వాడు ఒక చోట కుదురుకున్నాడు. నీ నోటితో దాన్ని చెడగొట్టకు."

"నేను చెడగొట్టడం లేదత్తయ్యా. చెడిపోయింది."

"నీకేం, నీతులు చెబుతావు. కన్నదాన్ని నేను!"

కొడుకంటే హైమవతికి ప్రాణం. వాడు పరీక్ష తప్పితే పేపరు దిద్దినవాణ్ణి తిట్టింది. వాడు సెల్‌ఫోన్ల షాపు పెట్టి ఎత్తేస్తే ఆ వీధి మంచిది కాదంది. వాడి తప్పు వాడు చూసుకునే అవకాశం ఆవిడ ఇప్పటిదాకా వాడికి ఇవ్వనే లేదు. అదీ ప్రేమే, కాదనలేం.

"నాన్నకి చెప్పావా?" అడిగాడు కిరణ్, గొంతు తగ్గించి.

"ఆయనకా! ఇంకేమన్నా ఉందా? వాళ్ళకి మాటిచ్చిందే ఆయన."

అదీ నిజమే. జగన్మోహనరావు ఆ తీరంలోని హైస్కూల్లో చాలాకాలం మేస్టారుగా చేసి రిటైరయ్యారు. యువరాజూ, వాడి చెల్లెలు కుమారీ ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. "మావాడి దగ్గరే కట్టించుకో రామూర్తీ, ఏ బెంగా ఉండదు," అని చెప్పి పంపింది ఆయనే. ఇప్పుడు పెరట్లో మొక్కలకి నీళ్ళు పోస్తున్నారు. మగ్గు చప్పుడు వినిపిస్తోంది.

"మేస్టారూ! ఇంట్లో ఉన్నారేటి?"

ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. గేటు దగ్గర రామూర్తి నిలబడి ఉన్నాడు. అతని వెనక అప్పలమ్మ, అతని భార్య.

హైమవతి పేపరుతో సహా డబ్బాని చుట్టి చెత్తబుట్టలో పడేసి, మీద టీ పిప్పి కుమ్మరించింది.

"నువ్వు నోరు మెదపకు. నేను చూసుకుంటాను," అంది కొడుకుతో.

* * *

"రా రామూర్తీ, కూర్చో. యువరాజు ఎలా ఉన్నాడు?" జగన్మోహనరావు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు.

"ఉన్నాడు మేస్టారూ. కట్లు ఇప్పితే గాని ఏటీ సెప్పలేమంతన్నారు."

రామూర్తి కుర్చీ వైపు చూడలేదు. గుమ్మం పక్క గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అప్పలమ్మ బయట మెట్టు మీద కూలబడింది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు వాచిపోయాయి.

"టీ పెడతానుండండి," అంది హైమవతి, ఎన్నడూ లేనంత మర్యాదగా.

"వద్దమ్మగారూ. ఘటం ఎత్తుకున్నోలం. సంబరం అయిపోయిందాకా బైట ఏటీ ముట్టుకోకూడదు," అంది అప్పలమ్మ. "ఇప్పుడు ఘటం మా ఇంటికాడ నేదనుకోండి. అయినా నేను నేమం మాననేదు," అంది.

"ఘటం ఎక్కడుంది మరి?" అన్నారు మేస్టారు.

"ఊరి పెద్ద సన్యాసి ఇంటికి ఒట్టుకుపోనారు బావూ. మా కుమారి దానికాడ కూకుంది. తప్పు సేసిన ఇంటి ఆడపిల్లే కూకోవాల్నంట."

"తప్పేమిటి? నిప్పంటుకుంటే తప్పేమిటి?"

"దీపం ఆరిపోనాది కదా మేస్టారూ," అన్నాడు రామూర్తి. "తల్లి మా ఇంట్లో ఉండనని లేసిపోనాదంతన్నారు. ఇది మైల కలిపిందంతన్నారు." భార్య వైపు చెయ్యి చూపించాడు గాని ఆమె ముఖం చూడలేకపోయాడు. "నా బోటు ఎక్కడానికి ఒక్కుడూ రానన్నాడు. మొన్నటిదాకా మావా మావా అని ఎనకాల తిరిగినోలు, నేనెదురొత్తే పక్క సందులోకి తిరిగిపోతన్నారు. రేపు యువరాజు సేతులు బాగయినా, ఆణ్ణి ఎవులు బోటెక్కించుకుంతారు?"

కిరణ్ తన కాళ్ళ వైపు చూసుకుంటున్నాడు.

"అందుకే ఒచ్చినాం," అన్నాడు రామూర్తి. "సన్యాసి మా ఊరికి పెద్దమనిసి. ఆడొక్క మాట అన్నాడు. ఆ కుర్రోణ్ణి అడిగి రండి, డబ్బాదే తప్పయితే మీ ఇంటి మీద మాట నేదు, డబ్బా మంచిదే అయితే ఇంక అది తల్లి సిత్తం, అని." అతను కిరణ్ వైపు తిరిగాడు. "నేను నీతో తగువుకి రానేదు బావూ. ఆడి సేతులకి నిన్నేటీ అడగను. ఒక్క మాట సెప్పు సాలు. ఆ నల్ల డబ్బా మంచిదేనా?"

తగువుకి వచ్చినా బాగుండేది అనిపించింది కిరణ్‌కి. చొక్కా పట్టుకుని ఉంటే తనూ అరిచి ఉండేవాడు, అరుపుల్లో ఏదో ఒకటి జరిగిపోయేది. ఈ మనిషి గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని, తనని న్యాయం అడుగుతున్నాడు.

"మంచిది కాకపోతే మావాడు అమ్ముతాడా ఏమిటి..." అని హైమవతి అందుకుంది.

"ఆ బావుని అడిగినానమ్మగారూ," అన్నాడు రామూర్తి, మెల్లగానే.

"చెప్పండి," అంది ఉషశ్రీ వంటింటి గుమ్మంలోంచి.

అత్తగారు కొరకొరా చూసింది. ఉషశ్రీ చూపు మాత్రం భర్త మీంచి కదల్లేదు. తన మెడలో తాళి కట్టినవాడు ఎలాంటివాడో ఈ నిమిషంలో తేలిపోతుందని ఆమెకి తెలుసు. తేలకుండా ఉంటేనే బాగుండునేమోనని కూడా అనిపించింది.

కిరణ్ గొంతు సవరించుకున్నాడు. "రామూర్తిగారూ, అదేమిటంటే... ఆ డబ్బా..."

"నేను జాగర్తే సేసినాను బావూ!" అప్పలమ్మ గబగబా అంది. తనని ఏదో అనబోతున్నాడనుకుంది కాబోలు. "నువ్వు కట్టి ఎల్లినాక దానికి ఉప్పుగాలి తగలకుండా కవరు సుట్టీసినాను. ఒకటి మీద ఒకటి. బోటు మీద దారి సూపించే మిషనుంటాది సూడు, దానికి సుట్టినట్టే. వలదారంతో బిగించి కట్టి, ఆకుల మజ్జిలోకి దోపీసినాను. ఒక్క సుక్క నీరు దిగితే ఒట్టు."

తీరంలో అంతే. ఉప్పుగాలి ఇనుమునే తినేస్తుంది. ఫోను గాని, రేడియో గాని, కరెంటు మీటరు గాని, కొన్నది కొన్నట్టే కవరులో చుట్టేస్తారు. చుట్టనివాణ్ణి బద్ధకస్తుడంటారు. అప్పలమ్మ ఆ డబ్బాని చంటిపిల్లని చూసుకున్నట్టు చూసుకుంది.

హైమవతి ముఖంలోకి ఒక్కసారిగా రంగు వచ్చింది.

"కవరు చుట్టావా? ఊపిరాడకుండా కట్టేశావా? అమ్మ అమ్మ! అందులో కరెంటు పోతుంటుంది, వేడెక్కుతుంది, దానికి గాలాడొద్దూ? విన్నారా అండీ? ఆకుల్లో దోపిందట! ఇంక అంటుకోక ఏం చేస్తుంది?"

"అత్తయ్యా, ఆగండి," అంది ఉషశ్రీ.

అప్పలమ్మ తన రెండు చేతులూ ముందుకి చాపి చూసుకుంది.

"అంటే... నా సేతులే సేసినాయా?" అంది. "నా కొడుకు సేతులు కాల్సింది నేనేనా?"

రామూర్తి తల తిప్పుకుని వీధిలోకి చూశాడు.

"ఒరే కిరణ్," అన్నారు జగన్మోహనరావు. ఆయన గొంతులో క్లాసులో ప్రశ్న అడిగే నిదానం ఉంది. "కవరు చుట్టొద్దని వాళ్ళకి చెప్పావా?"

"వాళ్ళు చుడతారని నాకేం తెలుసు నాన్నా?"

"నాకు తెలుసు. నన్నడగాల్సింది. సరే, అదలా ఉంచు. కవరు చుట్టకపోతే ఆ డబ్బా తట్టుకునేదేనా?"

ఇంతకంటే సూటిగా ఎవరూ అడగలేరు. వంటింటి గుమ్మంలోంచి ఉషశ్రీ ఒక అడుగు ముందుకి వేసింది. కిరణ్ వెనక నిలబడ్డ హైమవతి, కొడుకు చొక్కా అంచు పట్టుకుని మెల్లగా లాగింది. చిన్నప్పుడు తండ్రి ముందు వాడు నిజం చెప్పబోతే అలాగే లాగేది.

"తట్టుకునేదే," అన్నాడు కిరణ్. "కవరు వల్లే నాన్నా. డబ్బా మంచిదే."

అనేశాడు. అనడం అంత తేలికని వాడికి తెలియదు. తెలిశాక భయం వేసింది.

ఉషశ్రీ ముఖం తిప్పుకుంది. జగన్మోహనరావు కొడుకు వంక ఇంకాసేపు చూసి, "అలాగా," అన్నారు. ఆ మాటలో నమ్మకం ఎంతుందో చెప్పడం కష్టం.

"సరే బావూ," అంది అప్పలమ్మ, కొంగుతో ముఖం తుడుచుకుని. "మేస్టారి కొడుకువి, నీకు అబద్దమాడీ కర్మేటి? నాదే తప్పు. తెలీక సేసినాను."

"తెలీక సేసినావంటే ఇంతారా అక్కడ?" రామూర్తి మొదటిసారి భార్య మీద కసిరాడు. "తల్లి దీపాన్ని దాని సేతుల్తోనే ఊపిరాడకుండా సేసిందంతారు. మైల కన్నా అదే పెద్ద మాట. ఏటని సెప్పుకుంతాం?"

"ఉన్నది సెప్పీయ్ మావా. ఊరోలు నన్ను ఎలేత్తే ఎలెయ్యనీ. నువ్వూ గుంటడూ బోటెక్కండి. నేను మా అమ్మోలింటికి పోతాను."

"నోరు ముయ్యి."

"నేను ఉంతే ఆణ్ణి ఎక్కనివ్వరు మావా."

"నోరు ముయ్యమన్నానా!"

రామూర్తి అరుపుకి వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి చూశారు. తర్వాత అతనే తల దించుకుని, "తప్పయిపోనాది మేస్టారూ, మీ ఇంట్లో అరిసినాను," అన్నాడు.

కిరణ్‌కి లోపలికి వెళ్ళిపోవాలనిపించింది. ఇంకాసేపు, వీళ్ళు గేటు దాటేదాకా ఓర్చుకుంటే చాలు. తర్వాత ఆ సరుకంతా తిరిగి పంపించేస్తాడు. ఇంకెప్పుడూ అలాంటివి అమ్మడు. యువరాజుని ఆసుపత్రికి వెళ్ళి చూస్తాడు. తర్వాత చేయబోయే మంచి పనులు చాలానే తోచాయి వాడికి, ఇప్పుడు చేయాల్సింది తప్ప.

అప్పలమ్మ లేవబోయి మళ్ళీ కూర్చుంది. నడుం దగ్గర దోపుకున్న ఫోను తీసింది. దానికీ కవరే.

"ముందు కుమారికి సెప్పీయాల. ఆల్లు కాసుకోనున్నారు," అంది.

"ఏం చెప్పాలి?" అన్నాడు కిరణ్.

"అదే బావూ. ఊరేగింపుకి బోటుకి కట్టుకోమని నువ్వు రెండో జత ఇచ్చినావు కదా, లైట్లూ డబ్బా. అయ్యి సన్యాసి పందిట్లో కట్టీసినారు, ఘటం కాడ. నువ్వు మంచిదని సెప్తేనే ఎలిగించాలని ఆపినారు."

కిరణ్ ఏదో అనబోయాడు. హైమవతి వాడి చొక్కా వదల్లేదు.

ఫోను కలిసింది. అప్పలమ్మ స్పీకరు పెట్టి, దాన్ని నోటికి దగ్గరగా పట్టుకుంది. అవతల డప్పులు, పిల్లల కేకలు, ఎవరో ఆడమనిషి పాట.

"కుమారీ! ఇనపడతందా? డబ్బా మంచిదేనంట. మేస్టారి అబ్బాయే సెప్పినాడు. కవరు సుట్టకండి. ఎలిగించీయే."

"సరేనమ్మా!" అంది కుమారి గొంతు. "ఒలేయ్ పిల్లలూ, ఇలగ ఒచ్చి కూకోండి, లైట్లేత్తన్నాం..."

"వద్దు!"

కేక పెట్టింది తనేనని కిరణ్‌కి ఒక క్షణం తెలియలేదు. తల్లి చేతిలోంచి చొక్కా లాక్కుని గుమ్మం దాకా వచ్చేశాడు.

"ఏటి వద్దు?" అన్నాడు రామూర్తి.

"వెలిగించొద్దని చెప్పండి. స్విచ్చి తీసెయ్యమనండి. పిల్లల్ని ముందు పందిట్లోంచి బయటికి పంపమనండి!"

"మంచిదే అన్నావు కదా బావూ?"

రామూర్తి గోడ దగ్గర్నుంచి కదిలాడు. గొంతు పెంచలేదు. హైమవతి "ఒరే, ఒరే" అంటోంది. జగన్మోహనరావు కుర్చీ చెయ్యి పట్టుకుని లేచి నిలబడ్డారు.

"కవరు లేకపోయినా కరిగిపోతుంది," అన్నాడు కిరణ్. ఏడుపు ఆపుకోవడం చేతకాలేదు వాడికి. "పొద్దున షాపులో వెలిగించి చూశాను. ఉత్త బల్ల మీదే కరిగిపోయింది. మీ ఆవిడ కవరు చుట్టినా చుట్టకపోయినా అది అంటుకునేదే. తెలిసే చెప్పాను, మంచిదని."

అప్పలమ్మ ఆ మాటలన్నీ విన్నదో లేదో గాని, ఫోనులోకి అరుస్తోంది. "కుమారీ! ఎలిగించకే! ఆర్పీయే! ఎలిగించీసినావేటి?"

"ఎలిగించీసినానమ్మా! అందరూ దణ్ణం ఎట్టుకుంతన్నారు. ఇప్పుడు ఆర్పీడమేటి?" కుమారి గొంతు సన్నబడింది. "ఓపాలి ఎలిగినాక ఆర్పకూడదు కదా. మనింట్లో ఆరిపోనాదని ఇన్ని మాటలంతన్నారు. ఇక్కడ నా సేతుల్తో ఆర్పితే నన్ను బతకనిత్తారేటే అమ్మా? ఎవుల్ని ఆర్పమంతావు?"

"ఏటంతదే మీయమ్మ?" అవతల ఒక మగ గొంతు గట్టిగా అడిగింది. డప్పులు ఆగాయి.

అప్పలమ్మ లేచింది. ఇంతసేపూ మెట్టు దాటని మనిషి గుమ్మం దాటి లోపలికి వచ్చింది. కిరణ్ ఎదురుగా నిలబడి, కవరు చుట్టిన ఆ ఫోనుని రెండు చేతులతో వాడి నోటి ముందు పట్టుకుంది. ఆమె ముఖంలో కోపం లేదు, దయ కూడా లేదు.

"నేను సెప్తే ఇనరు బావూ. మా ఇంటి మాటకి ఇప్పుడక్కడ ఇలవ నేదు. సన్యాసి ఉన్నాడు, ఊరంతా ఉన్నాది. నువ్వు సెప్పు."

"లోపలికి రారా!" అంది హైమవతి.

"హలో, ఎవులూ?" అంది సన్యాసి గొంతు. "ఆర్పమన్నది ఎవులూ?"